అర్జీ కంపెనీది, తేదీ మనది

కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం పల్లెల్లో పత్తి తీత అయిపోతూనే ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు పోయే లారీలు తెల్లారకముందే ఊరి బయట నిలబడి ఉంటాయి. దీన్ని మావైపు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. మా దగ్గర ఆ మాటకు వలస అనే అర్థం స్థిరపడిపోయింది. సుగ్గికి పోయేవాళ్ళు బండి ఎక్కేముందు మూడు సంగతులు తేల్చుకుంటారు: మేస్త్రీ ఎవరు, కూలి ఎంత, తిరిగొచ్చే బాడుగ ఎవరిది.

ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలు ఇప్పుడు అమెరికా దాకా పోతున్నారు. అక్కడా హెచ్-1బి ఉద్యోగ వీసా ఒక యజమాని పేరుమీదే నడుస్తుంది. అయితే మేస్త్రీని అడిగినంత గట్టిగా కంపెనీని అడిగేవాళ్ళు తక్కువ. ‘అంతా కంపెనీ చూసుకుంటుందిలే’ అని ఊరుకుంటారు. ఇక్కడ అమ్మానాయనలకైతే ఏ కాగితం దేనికో కూడా తెలియదు. వాళ్ళు చదువుకోవడానికి పనికొస్తాయని ఈ విశేషాలు ఒకచోట పెడుతున్నాను.

ఆదివారం పేపర్లో రెండుసార్లు

ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుకు (శాశ్వత నివాసపు అనుమతికి) మామూలుగా మూడు మెట్లు. మొదటిది పెర్మ్. ‘ఈ పనికి అమెరికాలో తగిన మనిషి దొరకలేదు’ అని కంపెనీ అక్కడి కార్మికశాఖ ముందు రుజువు చేసుకోవాలి. 2005 మార్చి 28 నుంచి ఉన్న పద్ధతి ఇది. డిగ్రీ కావలసిన ఉద్యోగమైతే రెండు వేర్వేరు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి. అంటే మనవాడు రోజూ చేస్తున్న పనికే ‘మనిషి కావలెను’ అని పేపర్లో పడుతుంది! అది చూసి ‘నన్ను తీసేస్తున్నారేమో’ అని గాబరాపడి ఇంటికి ఫోన్ చేసిన పిల్లలున్నారు. భయపడనక్కర్లేదు, అది నియమంలో భాగమే.

పెర్మ్‌కయ్యే ఖర్చు, దాని లాయరు ఫీజుతో సహా, కంపెనీయే పెట్టుకోవాలని 2007 జులై 16 నుంచి నియమం ఉంది. ‘నీ పెర్మ్ డబ్బు నువ్వే కట్టుకో, జీతంలో పట్టుకుంటాం’ అనే యజమాని ఆ నియమాన్ని తప్పుతున్నట్టే. ఆఖరి మెట్టులో ఉద్యోగి వేసే ఐ-485 అర్జీకి అయ్యే రుసుము మాత్రం ఉద్యోగి కట్టుకోవచ్చు.

రెండో మెట్టు ఐ-140 అనే అర్జీ. దీనిలో అర్జీదారు కంపెనీ, మనవాడు కేవలం లబ్ధిదారు. ఆమోదించిన కాగితం కూడా కంపెనీకే, దాని లాయరుకే పోతుంది. నకలు ఇవ్వకుండా దాచుకునే యజమానులున్నారు. అలాంటప్పుడు అమెరికా సమాచార హక్కు చట్టం కింద అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకు అర్జీ పెట్టి తెప్పించుకోవచ్చు. రసీదు నంబరునైనా రాసి పెట్టుకోవాలి.

పెర్మ్ దాఖలైన రోజునే ‘ప్రయారిటీ డేట్’ అంటారు. ఆదోని యార్డులో దించిన పత్తికి లాటు నంబరు పడ్డట్టు, వరుసలో మన చోటు ఆ తేదీతో ఖాయమవుతుంది. ఐ-140 ఆమోదమయ్యాక ఉద్యోగం మారినా ఆ తేదీ మనదే. కొత్త కంపెనీ మళ్ళీ పెర్మ్, మళ్ళీ ఐ-140 వేయాలి, కానీ వరుసలో పాత చోటే దక్కుతుంది. ఆమోదమై 180 రోజులు దాటితే పాత కంపెనీ కోపంతో అర్జీ వెనక్కి తీసుకున్నా హెచ్-1బి పొడిగింపులకు ఆ ఆమోదం పనికొస్తుంది. మోసమో, ఆమోదంలో పెద్ద పొరపాటో బయటపడితే తప్ప ఆ తేదీ చేజారదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఉద్యోగికి సొంతమైన ఆస్తి ఇదొక్కటే.

పుట్టింటికి రాని కాన్పు

ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులని అమెరికా 1990 చట్టం లెక్క కట్టింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి పోకూడదు. ఇతర దేశాలవాళ్ళు వాడుకోనివి మిగిలితే కొన్ని మనకు కలుస్తాయి. అందుకే 2025 చివర్లో కూడా ఉద్యోగుల తరగతులైన ఇ.బి.-2, ఇ.బి.-3ల్లో మనవాళ్ళ వరుస 2013 నాటి తేదీల దగ్గరే కదులుతోంది.

ఇక్కడ దేశమంటే పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. ఎమ్మిగనూరులో పుట్టినవాడు రేపు కెనడా పౌరుడైనా భారత్ వరుసలోనే నిలబడాలి. అయితే భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి ఆ దేశపు వరుసలోకి మారే వీలుంది. రాయలసీమ నుంచి కువైట్‌కు పోయిన కుటుంబాలు ఎన్నో. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం. అక్కడున్న తల్లి పుట్టింటికి వచ్చి కని ఉంటే బిడ్డది భారత్ వరుస. రాలేక కువైట్ ఆసుపత్రిలోనే కని ఉంటే కువైట్ వరుస. ముప్పై ఏండ్ల కిందట విమానం టికెట్టుకు డబ్బుల్లేక ఆగిపోయిన ఒక ప్రయాణం, ఇవాళ ఆమె అల్లుడి పదేండ్ల నిరీక్షణను తప్పించగలదు. సంబంధం కుదిరాక ‘అమ్మాయి ఎక్కడ పుట్టింది’ అని లాయరు అడిగేది ఇందుకే.

పెళ్ళికి వచ్చిన రోజులు

హెచ్-1బి మీద ఉండగలిగేది ఆరేండ్లు. 2000 అక్టోబరులో వచ్చిన చట్టం దీనికి ఒక సందు ఇచ్చింది. పెర్మ్ గానీ ఐ-140 గానీ వేసి 365 రోజులు గడిచి ఉంటే ఏడాది చొప్పున, ఐ-140 ఆమోదమై వరుస రాకపోతే మూడేండ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. కాబట్టి అయిదో ఏడు ముగిసేలోపే పెర్మ్ దాఖలయిందా లేదా అని తేల్చుకోవాలి. ‘వచ్చే నెల వేస్తాం’ అన్న మాట మీద ఆరో ఏడు గడిపేసి పెట్టే సర్దుకున్నవాళ్ళు నాకు తెలుసు.

చాలామందికి తెలియని మాట ఇంకొకటి: ఆరేండ్ల లెక్కలో అమెరికాలో గడిపిన రోజులే పడతాయి. చెల్లెలి పెళ్ళికని వచ్చి ఆదోనిలో ఉన్న ఇరవై రోజులను రుజువులు చూపి తిరిగి పొందవచ్చు. పాస్‌పోర్టు ముద్రలు, విమానం బోర్డింగ్ పాసులు పారేయకండి.

పూలు పంపిన జులై

వరుస ఏ తేదీదాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా బులెటిన్ వేసి చెబుతుంది. 2007 జులై బులెటిన్‌లో ఉద్యోగుల తరగతులు దాదాపు అన్నీ తెరుచుకున్నాయని ప్రకటించారు. ఏండ్లుగా కాచుకున్నవాళ్ళు వైద్య పరీక్షలు చేయించుకున్నారు, ఊళ్ళ నుంచి పుట్టిన సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు, సెలవులు మానుకున్నారు. జులై 2న, అర్జీలు చేరవలసిన మొదటి రోజే, ‘సంఖ్యలు అయిపోయాయి, తీసుకోం’ అన్నారు. దెబ్బతిన్నవాళ్ళు జెండాలు పట్టలేదు. ‘లగే రహో మున్నాభాయ్’ సినిమా చెప్పిన గాంధీగిరి గుర్తొచ్చి, జులై 10న ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరు ఎమిలియో గొంజాలెజ్‌కు వందల పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి పంపించారు. వారం తిరిగేసరికి, జులై 17న, ప్రభుత్వం మాట మార్చుకుని ఆగస్టు 17 దాకా అర్జీలు తీసుకుంది. ఆ వేసవిలో కాగితం వేయగలిగినవాళ్ళకు, పెండ్లికాలేదనో సర్టిఫికెట్ అందలేదనో ఆగిపోయినవాళ్ళకు మధ్య ఏండ్ల దూరం ఏర్పడింది.

అరవై రోజులు

ఉద్యోగం పోతే ఏమవుతుంది? 2017 జనవరి 17 నుంచి ఉన్న నియమం ప్రకారం 60 రోజుల దాకా గడువు ఇస్తారు. అక్కడ ఉండే గడువు చెప్పే ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతే అక్కడికే సరి. ఈలోగా కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేస్తే చాలు, ఆమోదం వచ్చేదాకా ఆగకుండా కొత్త చోట పనిలో చేరవచ్చు. ఆఖరి మెట్టు ఐ-485 వేసి 180 రోజులు దాటి ఉంటే అదే తరహా ఉద్యోగానికి మారినా గ్రీన్‌కార్డు అర్జీ చెదరదు.

ప్రాజెక్టు లేక ‘బెంచ్ మీద’ కూర్చున్న రోజులకూ హెచ్-1బి ఉద్యోగికి జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే ఏడాదిలోగా అక్కడి కార్మికశాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. వీసా గడువు తీరకముందే పనిలోంచి తీసేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళే ప్రయాణ ఖర్చు ఇవ్వజూపవలసిన బాధ్యత యజమానిదే. కోసిగి కూలీ లారీ ఎక్కకముందు అడిగే మూడో ప్రశ్న అమెరికా చట్టంలో రాసి ఉంది. అడిగేవాళ్ళే లేరు.

పాస్‌పోర్టులో అంటించిన వీసా గుమ్మం దాకా పనికొచ్చే టికెట్టు. లోపల ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది ఐ-94. పాస్‌పోర్టు ముందుగా ముగిసేటట్టుంటే, వీసాకు రెండేండ్లు మిగిలి ఉన్నా, విమానాశ్రయ అధికారి ఐ-94ను పాస్‌పోర్టు తేదీకే కుదించవచ్చు. అది చూసుకోక, వీసా ఉంది కదా అని పని చేసుకుంటూ పోయి హోదా పోగొట్టుకున్నవాళ్ళ కష్టం మామూలుది కాదు. దిగిన రోజే ఇంటర్నెట్‌లో ఐ-94 తీసి చూడమని పిల్లలకు చెప్పండి.

ఇక వీసా ఇంటర్వ్యూ సంగతి. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి, మద్రాసు రైలు దారులు కలిశాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. అందువల్ల అమెరికా వీసా ఇంటర్వ్యూకు మద్రాసు పోవలసిన రోజుల్లో ఆదోనివాళ్ళకు రైలు ఇంటిముందున్నట్టే ఉండేది. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడ కొత్త భవనంలోకి మారింది. కాన్సులేటుకు ముందే చిలుకూరు బాలాజీ వీసా దేవుడయ్యాడు: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఇంటర్వ్యూలో ‘221 జి’ చీటీ చేతికిస్తే అప్పటికి నిరాకరించినట్టే గానీ, తలుపు మూసేసినట్టు కాదు. ఇంకా కాగితమో పరిశీలనో కావాలని అర్థం. ఆ ఎదురుచూపులో ఇక్కడే చిక్కుకున్న ఉద్యోగి కొలువు అక్కడ ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే అసలు బాధ.

2025 సెప్టెంబరు 21 నుంచి మరో బరువు పడింది. అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం కొత్తగా వేసే హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన. ఏడాది గడువుతో వచ్చింది. లోపల ఉన్నవాళ్ళ పొడిగింపులకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఇలాంటివి మారుతూనే ఉంటాయి కనుక ప్రయాణం పెట్టుకునేముందు లాయరును అడిగి తీరాలి.

సునయన

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో, గార్మిన్‌లో ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక దుండగుడు ‘మా దేశం వదిలి పొండి’ అంటూ కాల్చి చంపాడు. శ్రీనివాస్‌ది హెచ్-1బి. ఆయన పోవడంతో భార్య సునయన దుమాల వీసా హోదా కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన ఆమె తిరిగి తన ఇంటికి వెళ్ళాలంటేనే దారి లేదు. ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని ఆమె తిరిగి వెళ్ళే ఏర్పాటు చేయించారు. దేశమంతా చూసిన దుఃఖం కాబట్టి ఒక చెయ్యి అందింది. ఒకరి హోదాకు ఇంకొకరి బతుకు ముడివేసిన ఈ పద్ధతి మీద నాకున్న కోపం ఆ రోజుతో మొదలైంది.

మనవాళ్ళ ముందు ఆ దేశం తలుపు మూసుకోవడం కొత్తకాదు. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ‘భారతీయులు పౌరులు కాలేరు’ అని తీర్పు చెప్పింది. ఆ రోజుల్లోనే బోస్టన్‌లో దిగాడు ఒక తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1946లో చట్టం మారి తలుపు తెరుచుకునే నాటికి ఆయన ప్రపంచానికి మందులు ఇచ్చిన శాస్త్రవేత్త. 1948లో కన్నుమూసేదాకా అమెరికా పౌరుడు కాలేదు.

అకామా, కఫీల్

గల్ఫ్‌కు పోయినవాళ్ళకు యజమాని చేతిలో హోదా ఉండడం కొత్తకాదు. అక్కడ స్పాన్సరు అంటే కఫీల్. అకామా, అంటే నివాస అనుమతి, కొట్టించేది ఆయనే. ఆయన దగ్గర్నుంచి చెప్పకుండా పోతే పరారీ కేసు, ఆపైన కాగితాల్లేని ‘ఖల్లివల్లి’ బతుకు. ఖతార్ 2020లో, ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం మార్చింది. పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్., అంటే వలస అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది. 1983 వలస చట్టం కింద అనుమతి తీసుకుని పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా వర్తిస్తుంది. ఏజెంటు మాట విని విజిట్ వీసాలో పోయినవాళ్ళకు ఆ రక్షణ ఉండదు.

గల్ఫ్ అయినా, అమెరికా అయినా ఒకటే మాట: భారత పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. 1967 పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షను ఆ మాట చెబుతోంది. దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

ఊరి పేరు, ఇంటి పేరు

మన ఆదోనిని పాత కాగితాల్లో ఆదవాని అన్నారు. 1688లో మొఘలులు కోట పట్టుకున్నాక ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు. ఇప్పటికీ ఇంగ్లిషులో ఒకచోట ‘హెచ్’ పెట్టి, ఒకచోట పెట్టకుండా రాస్తున్నారు. ఎమ్మిగనూరుకైతే ముందు ‘వై’ ఉన్న కాగితాలు, లేని కాగితాలు ఒకే ఇంట్లో దొరుకుతాయి. పుట్టిన ఊరి స్పెల్లింగు పాస్‌పోర్టులో ఎట్లుంటే అన్నిచోట్లా అట్లే రాయించుకోవడం మంచిది.

ఇంటిపేరు ఇంకా పెద్ద చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకేచోట రాయిస్తే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరుగా పడి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని వస్తుంది. పేరు తెలియదు అని దానర్థం. జీతం చెక్కు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే పేరైపోతుంది. 2022 నవంబరులో యు.ఎ.ఇ. ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసా మీద ప్రవేశం లేదని చెప్పేసింది.

కాగితం బతుకును మార్చిన కథ మనకు పాతదే. సిద్దీ మసూద్ ఖాన్ ఆదోని ఏలిన కాలం. సిద్దీలంటే ఆఫ్రికా నుంచి వచ్చినవారి వంశం. ఆయన ఒక చదువురాని కుర్రవాడు వెంకన్న చేతిలో లేఖ పెట్టి చదవమన్నాడట. కుర్రవాడు రాఘవేంద్రస్వామిని తలచుకుని గడగడా చదివేశాడు, దివాన్ అయ్యాడు. ఆ వెంకన్న ఉన్నందునే మంచాల గ్రామం స్వామివారికి దక్కి మంత్రాలయమైందని స్థలపురాణం చెబుతుంది. చదవలేని కాగితం చేతికొచ్చినప్పుడు మన పెద్దల ముఖాల్లో కనబడే బెదురు నాకు ఆ కథలో కనిపిస్తుంది.

పేరులాగే పుట్టిన తేదీ కూడా కాగితంలో బరువైనదే. గ్రీన్‌కార్డు వరుస వచ్చేలోపు పిల్లలకు 21 ఏండ్లు నిండితే తల్లిదండ్రుల అర్జీలోంచి రాలిపోతారు. 2002 చట్టం ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను వయసులోంచి తగ్గిస్తుంది, అంతే. రెండేండ్లప్పుడు అమ్మ ఒడిలో పోయిన పిల్ల, ఇరవై ఒకటో పుట్టినరోజున పరదేశీ విద్యార్థి వీసా వెతుక్కోవలసి వస్తుంది.

గళ్ళపెట్టె

ఆఖరి మెట్టులో అడిగే కాగితాల్లో సగం అమెరికాలో ఉండవు, మన ఊళ్ళో ఉంటాయి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఆసుపత్రి నుంచి సమాచారం పోయే నాటికి బిడ్డకు పేరు ఉండదు కనుక రిజిస్టరులో ‘మగశిశువు’ అని పడుతుంది. పేరు ఏడాదిలోపు ఉచితంగా, 15 ఏండ్ల దాకా రుసుముతో చేర్పించుకోవచ్చు. మనం చేర్పించం. బడిలో వేసేటప్పుడు అయ్యవారు జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేస్తారు, పదో తరగతి మెమోలోకి, పాస్‌పోర్టులోకి అదే పోతుంది. పాతికేండ్ల తర్వాత రిజిస్టరు ఒక తేదీ, మెమో ఒక తేదీ చెబితే అక్కడి అధికారి ప్రశ్న పంపుతారు. రెండు తేదీలు ఎట్లా వచ్చాయో ఉన్నదున్నట్టు రాయడమే మార్గం. దిద్దుబాట్లకు దిగితే అసలు అర్జీకే చేటు. నమోదే లేకపోతే ఆదోని సబ్ కలెక్టరు ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించుకోవాలి. లేదా ‘రికార్డులో లేదు’ అన్న సర్టిఫికెట్‌తో పాటు, పుట్టుక చూసిన ఇద్దరి అఫిడవిట్లు పంపాలి.

పోయినేడు ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం నేసే అన్న ఇట్లాంటి పని మీదే నా దగ్గరికి వచ్చాడు. కొడుకు రిజిస్టరులో లేడు. బిడ్డ పుట్టినప్పుడు గదిలో ఉన్న పెద్దమ్మను వెంట తెచ్చాడు. తేదీ చెప్పమంటే ఆమె, “నీలకంఠేశ్వరుని తేరు లాగిన మర్నాడప్పా, ఊరంతా బొరుగుల వాసన” అంది. పాత పంచాంగం తీసి చూశాం. పాస్‌పోర్టు తేదీకి సరిగ్గా సరిపోయింది. ఆమె వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకోకుండా గాలిలోనే పట్టుకుని కూర్చుంది, కాగితానికి మరక అవుతుందేమోనని.

ఆ అన్న అన్నిటినీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, “ఆ తేదీ ఏదో అన్నావే, దాన్ని కూడా పెద్ద అక్షరాలతో రాసియ్యి” అన్నాడు. కొడుకు ఫోన్‌లో పంపిన ప్రయారిటీ డేట్ అట్ట మీద రాసిచ్చాను.

“ఇది మా పిల్లోనిదే కదా? కంపెనీవోళ్ళది కాదు కదా?”

“మీవానిదేనన్నా.”

ఇంటికి పోయి గళ్ళపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం కింద పెట్టానని రాత్రి ఫోన్ చేసి చెప్పాడు.